దోమ మోరీలో లేదు, డ్రమ్ములో ఉంది

వానలు పడి నాలుగిళ్లలో ఒకరికి జ్వరం వస్తే చాలు, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల: ఫాగింగ్ బండి ఎప్పుడొస్తుంది? బండి వస్తుంది, వీధంతా పొగ కమ్ముతుంది, ఎవరో ఒకరు ఫొటో పెడతారు. ఆ పొగకు చచ్చేది ఎగిరే దోమే, అదీ తగిలితేనే. డెంగీ మోసే ఈడిస్ దోమ మాత్రం ఇంట్లో మంచం కిందో, తగిలించిన బట్టల చాటునో ఉంటుంది. నీళ్లలో ఉన్న లార్వాకైతే పొగ వచ్చిన సంగతే తెలియదు.

మూత లేని డ్రమ్ము, కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద పళ్లెం... ఈడిస్ గుడ్లు పెట్టడానికి ఏదైనా సరే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు. గుడ్లేమో నీటి అంచున తొట్టి గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే నీళ్లు ఒంపేస్తే సరిపోదు, లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్దాలి.

పన్ను కడుతున్నాం, అది మున్సిపాలిటీ పని అంటారు కొందరు. ఖాళీ ప్లాట్లు, తవ్వి వదిలేసిన సెల్లార్ల వరకు ఆ మాట నిజమే. మన బాత్రూంలో బకెట్ సంగతేంటి?

సరే, అసలు ఆ డ్రమ్ము ఇంట్లోకి ఎందుకొచ్చింది? నల్లా రోజూ రాదు గనక. హైదరాబాద్ బస్తీల్లో రోజు విడిచి రోజు, అదీ కాసేపు వచ్చే నీళ్ల కోసం పని మానుకుని కూర్చునే ఆమెకు 'నీళ్లు నిల్వ ఉంచవద్దు' అని కరపత్రం ఇస్తాం. 200 లీటర్ల డ్రమ్ము వారానికోసారి ఒంపేయమంటాం. ట్యాంకర్‌కు ఫోన్ చేయగలిగిన వాళ్లు చెప్పే సలహా ఇది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో 'దోమలపై దండయాత్ర' చేశారు. 2020లో హైదరాబాద్‌లో ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇల్లు చూసుకోమన్నారు. మంచిదే. కానీ రెండూ డ్రమ్ము దగ్గరే ఆగాయి, నల్లా దాకా రాలేదు. ఒడిశాలోని పూరీలో 24 గంటలూ కుళాయిలోనే తాగునీరిచ్చే పథకం 2021లోనే మొదలైంది. పూరీ మనకంటే డబ్బున్న ఊరేం కాదు. ఫ్లైఓవర్‌కు రిబ్బన్ కత్తిరిస్తే టీవీలో వస్తుంది, భూమిలో వేసిన పైపుకు రిబ్బన్ ఎక్కడ కడతారు?

జనానికి అవగాహన లేదనే మాట నాకు మింగుడుపడదు. మా వెనక వీధిలో ఒకావిడ డ్రమ్ము మీద పాత చీర నాలుగు మడతలు వేసి, చుట్టూ తాడు బిగించి కట్టింది. ఏ పోస్టరూ చూసి కాదు. పోయినేడు వాళ్ల బాబుకు డెంగీ వచ్చింది.