సవరణ: జయ బాడిగ ఏ కోర్టు జడ్జి?

విజయవాడలో పుట్టిన జయ బాడిగ గారి గురించి ఇంతకుముందు పెట్టిన పోస్టులో ఆమెను ‘అమెరికా జిల్లా జడ్జి’ అని రాశాం. దాన్ని ఇలా సవరించి చదువుకోగలరు: ఆమె కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జి.

అమెరికాలో జిల్లా కోర్టులంటే కేంద్రానివి. ఆ జడ్జీలను దేశాధ్యక్షుడు ఎంపిక చేస్తే సెనేట్ ఆమోదించాలి. జయ గారిని 2024 మేలో నియమించింది రాష్ట్ర గవర్నర్ గావిన్ న్యూసమ్. కాలిఫోర్నియాలో 58 కౌంటీలు, ఒక్కోదానికి ఒక సుపీరియర్ కోర్టు. విడాకులు, పిల్లల కస్టడీ, దొంగతనం, ఆస్తి తగాదా, ఇలాంటి కేసు ఏదైనా మొదట వెళ్లేది అక్కడికే. కొందరు కామెంట్లలో అన్నట్టు అది మన హైకోర్టులాంటిది కాదు. పని చూస్తే మన జిల్లా కోర్టుకే దగ్గర. అంతమాత్రాన ఆమె సాధించింది తగ్గదు. మామూలు జనం నేరుగా మెట్లెక్కే కోర్టు అదే కదా!

ఇంకొకటి. ఆమె ఒక్కసారిగా జడ్జి అయిపోలేదు. ఉస్మానియాలో డిగ్రీ, బోస్టన్‌లో ఎం.ఏ., శాంటా క్లారాలో లా చేశారు. సొంతంగా ప్రాక్టీసు చేశారు, రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో లాయరుగా పనిచేశారు. 2022 నుంచి జడ్జి అయ్యేదాకా అదే సుపీరియర్ కోర్టులో కమిషనర్‌గా, అంటే కొన్ని రకాల కేసులు వినే కోర్టు అధికారిగా ఉన్నారు. ఆ వరస పాత పోస్టులో లేదు, ఇప్పుడు చేర్చాం. ప్రమాణ స్వీకార సభలో ఆమె తెలుగులో మాట్లాడారని అందులో రాసిన మాట మాత్రం నిజమే, దాన్ని మార్చలేదు.