రెండో భాగం అచ్చుకి వెళ్లేముందు

మీ ఫాంటసీ నవల రెండో భాగాన్ని వచ్చే డిసెంబర్‌లో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియం పుస్తక ప్రదర్శనకి సొంతంగా తెస్తానన్నారు, చాలా సంతోషం. అయితే అక్టోబర్‌కల్లా ఫైలు ప్రెస్సుకి చేరాలండీ. నవంబర్‌లో ఇస్తే ప్రూఫు చూసే వ్యవధి ఉండదు.

డెమ్మీ సైజు పుస్తకంలో ఫారానికి, అంటే ఒకే షీటు మీద అచ్చేసి మడిచే కట్టకి, 16 పేజీలు. 320 పేజీలంటే సరిగ్గా 20 ఫారాలు. 325 అయితే 21వ ఫారం పడుతుంది, 11 పేజీలు ఖాళీ. అధ్యాయాల మధ్య జాగా సర్దితే ఆ 5 పేజీలూ లోపలే ఇమిడిపోతాయి. పుస్తకం వీపు (స్పైన్) మందం లెక్కగట్టకండి, అదే కాగితంతో డమ్మీ, అంటే ఖాళీ పేజీల నమూనా పుస్తకం, కుట్టించి స్కేలుతో కొలవండి.

అసలు చిక్కు ఈ-బుక్‌తోనే. అచ్చు కోసం అనూ ఫాంట్లలో (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లు) కట్టిన ఫైలుని ఈ-బుక్ కోసం యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదురుతాయి. మామూలు మాటైతే చదివేవాళ్లు పట్టేస్తారు. మీరు కల్పించిన రాజ్యం పేరులో ఒత్తు ఎగిరిపోతే అదే అసలు పేరనుకుంటారు! పాత్రలు, ఊళ్లు, మంత్రాల పట్టిక ఒకటి రాసుకుని, మార్చిన ఫైల్లో ఒక్కో పేరూ వెతికి చూడాల్సిందే. మొదటి భాగంలోని వర్ణక్రమమే ఉందో లేదో అప్పుడే తేలుతుంది.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే నంబరు, మన దేశంలో ఉచితమే. అచ్చుకొకటి, ఈ-బుక్‌కొకటి విడిగా తీసుకోండి. ఆ నంబరు బార్‌కోడ్ వెనక అట్ట మీదికి వెళ్లాలి కాబట్టి అట్ట ఖరారు కాకముందే దరఖాస్తు పెట్టండి.