సొరంగంలో డబుల్ బాస్ డ్రమ్

తూర్పు బెర్లిన్ నుంచి బెర్లిన్ గోడ దాటి పశ్చిమానికి పారిపోయినవాళ్ల మీద మా ఫ్రెండ్ వాళ్ల బ్యాండు ప్రోగ్రెసివ్ రాక్ (పొడుగ్గా, మెలికలు తిరుగుతూ సాగే రాక్) కాన్సెప్ట్ ఆల్బం చేసింది, అంటే పాటలన్నీ ఆ ఒక్క విషయం మీదే. డెమో పంపాడు, 78 నిమిషాలు, రెండుసార్లు విన్నా. ఎవరేమన్నా నేను వాడి పక్షమే, శరణార్థుల కష్టం తెలియాలంటే వినేవాడు కూడా కాస్త కష్టపడాలి కదా.

మొదటి పాట కాన్రాడ్ షూమన్ మీద. గోడ కట్టకముందు, 1961 ఆగస్టు 13న, ముళ్లకంచె వేశారు, రెండ్రోజులకి దానికి కాపలా ఉన్న ఈ 19 ఏళ్ల కుర్రాడే దాని మీంచి అటు దూకేశాడు. ఎంతసేపు పట్టుంటుంది, ఒక సెకను? మనవాళ్లకి 11 నిమిషాలు పట్టింది, ఎనిమిదో నిమిషంలో కూడా కాలు గాల్లోనే ఉంది. పాపం అప్పుడు హడావిడిగా దూకాడు, ఇప్పుడైనా తీరిగ్గా దూకనీండి.

అసలు సంగతి సొరంగం పాట. పశ్చిమ బెర్లిన్ వైపు గోడ పక్కనే ఉన్న బెర్నావర్ స్ట్రాసె అనే వీధిలో మూతపడ్డ బేకరీ కింద నుంచి విద్యార్థులు నెలల తరబడి 145 మీటర్లు తవ్వితే 1964 అక్టోబర్‌లో రెండు రాత్రుల్లో 57 మంది బయటపడ్డారు. తవ్వేవాళ్ల చప్పుడు పట్టడానికి తూర్పు వైపు వాళ్లు భూమిలో పరికరాలు పెట్టేవాళ్లు కాబట్టి అంతా గుసగుసల్లోనే. పాటలో మాత్రం డబుల్ బాస్ డ్రమ్, రెండు కాళ్లతో దడదడా వాయించేది! ఏంట్రా ఇది అంటే "అది వాళ్ల గుండె చప్పుడు రా" అన్నాడు. 7/8లో, అంటే ఏడేసి దెబ్బల వంకర తాళంలో, కొట్టుకునే గుండెని ముందు డాక్టర్‌కి చూపించాలి, కానీ ఆర్ట్ కదా, ఊరుకున్నా.

ఆ సొరంగం తూర్పున తేలింది ఒక ఇంటి పెరట్లో మరుగుదొడ్డిలో. పిల్లలు, పెద్దవాళ్లు అందరూ అందులోంచే దిగారు. పాటలో అది "భూమాత గర్భద్వారం" అయింది, మరుగుదొడ్డి ప్రాసకి కుదర్లేదంట.

పాత్రలు కూడా బానే పంచారు, గోడకి రెండు పాటలు, చంద్రుడికి ఒకటి, శరణార్థులకి తొమ్మిదో ట్రాక్‌లో కోరస్‌గా "ఆ... ఆ...". గోడ దగ్గర కనీసం 140 మంది చనిపోయారన్న ముక్క బుక్‌లెట్ చివరి పేజీలో ఉంది, భూతద్దం పెడితే కనిపిస్తుంది. కీబోర్డుల లిస్టుకి మాత్రం రెండు పేజీలు, చక్కగా చదువుకోవచ్చు.

ఒక్క సలహా ఇచ్చా. ఆ రాత్రి సొరంగం దగ్గర పాస్‌వర్డ్ ఒకటే మాట, "టోక్యో". మీది 14 లైన్ల చరణం, దానికి ముందు ఫ్లూట్ ఇంట్రో, అది పాడి తలుపు తీయించుకునేలోపు తెల్లారిపోతుంది కదరా అన్నా. వాడు కాసేపు ఆలోచించి, తెల్లారడం మీద ఇంకో పాట పెట్టొచ్చన్నాడు.