మా బాబాయి రోబో కాదని ఎవరన్నారు?

వెబ్‌సైట్లు అందరూ వాడుకునేలా ఉండాలట. గుంటూరు పౌరుడిగా దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. ఎవరి ఫారాలు వాళ్లే నింపుకుంటే బ్రాడీపేట నెట్ సెంటర్లు ఏమైపోవాలి?

మా బాబాయికి చూపు లేదు. టాక్‌బ్యాక్ పెట్టుకుని, ఫోను చదివేది వింటూ కరెంటు బిల్లు దగ్గర్నుంచి అన్నీ తనే చక్కబెట్టుకుంటాడు. మొన్న ఒక ఆఫీసు వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టబోయాడు. వేలితో తడిమితే ఫోను 'బటన్' అంది. పక్కన తడిమితే 'బటన్'. దాని కింద మళ్లీ 'బటన్'. ఏది పంపేదో, ఏది చెరిపేదో ఆ గుర్తులు గీసిన మహానుభావుడికే ఎరుక. వాటికి పేరు పెట్టకపోతే ఫోను మాత్రం ఏం చదువుతుంది? రెండుసార్లు అంతా చెరిగిపోయాక, రోబో కాదని రుజువు చేసుకోమంది. ట్రాఫిక్ లైట్లున్న ఫొటోలు ఎంచాలట.

"అరవై ఏడేళ్లుగా మనిషినేరా అబ్బాయ్" అన్నాడు బాబాయి. సాక్ష్యం చెల్లలేదు.

ఆఫీసును తప్పుపట్టలేం. అక్షరాలు పెద్దవి చేసుకోమని పేజీ నెత్తిన ఏ ప్లస్ పెట్టారు. నేను నొక్కితే మెనూ పెద్దదైంది. అసలు నోటీసు కదల్లేదు. అది వంకరగా స్కాన్ చేసిన కాగితం మరి. ఫోనుకు అందులో అక్షరాలుండవు, ఒట్టి బొమ్మే. సీలు మాత్రం నాకు దివ్యంగా కనపడింది.

ఆ దరఖాస్తులో ఎర్ర గళ్లు తప్పనిసరి, పచ్చవి మన ఇష్టం. ఆ రెండు రంగులకూ తేడా తెలియనివాళ్లుంటారు కదా అని కొందరి గోల. మిర్చి యార్డులో కాయను రంగొక్కటే చూసి కొనరు, నిజమే. గుప్పిట్లో ఆడించి గలగల వింటారు, విరిచి ఘాటు చూస్తారు. కానీ అది బేరం, ఇది పరిపాలన.

పైగా కోర్టులకు తొందర. డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. కేవైసీకి, అంటే మనమెవరో రుజువు చేసుకోడానికి, కెమెరా ముందు కళ్లార్పడం ఒక్కటే కాదు, వేరే దారులూ ఉండాలంది. దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. తొమ్మిదేళ్లకే ఇంత ఒత్తిడా?

చివరికి బాబాయిని నెట్ సెంటరుకే తీసుకెళ్లాను. యాభై రూపాయలు, నాలుగు నిమిషాలు. "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు సార్?" అని కుర్రాడు కేకేశాడు. ఫ్యాను హోరులో బాబాయి అంతకన్నా గట్టిగా చెప్పాడు. క్యూలో ఆరుగురం ఉన్నాం. ఆ వెబ్‌సైటులో బాబాయి ఖాతా ఇప్పుడు మా ఆరుగురికీ అందుబాటులో ఉంది.