బహువచనం ‘లు’ గారికి ఒక ట్యాగుల గుమస్తా విన్నపం

శ్రీయుత ‘లు’ గారికి,

నమస్కారాలు. చూశారా, ఇక్కడా మీరే. పెట్టేది ఒక్కటే అయినా మీరు లేకపోతే బాగుండదు.

నేనొక చిన్న ఫొటో బ్యాంకులో బొమ్మలకు ట్యాగులు రాసే గుమస్తాను. ప్రతి బొమ్మకీ తెలుగులో నాలుగైదు మాటలు తగిలించాలి, పత్రికల వాళ్లు వాటితోనే వెతుక్కుంటారు. తేలికైన పనే, మీ జోలికి పోనంతవరకు.

మొన్న వేసవి సంచిక కోసం ఒకాయన ‘పళ్లు’ అని వెతికారు. బంగినపల్లి బుట్టల మధ్య, గాజు గ్లాసులో మునిగిన కట్టుడు పళ్ల సెట్టు ఇకిలిస్తూ కనిపించింది. పండుకి మీరు తగిలినా పళ్లే, పన్నుకి తగిలినా పళ్లే కదా! గొడవెందుకు, అన్నీ ఏకవచనంలోకి మార్చేయండి అన్నారు మా మేనేజరు. మార్చాం. మామిడి పండు బాగానే విడిపోయింది. కట్టుడు పళ్లు మాత్రం ‘పన్ను’ కిందకు చేరి, మునిసిపాలిటీ కౌంటర్లో ఇంటి పన్ను కడుతున్న ముసలాయన పక్కన తేలాయి. (ఆయన నోట్లో ఒక్కటీ లేదు, అది వేరే సంగతి.)

మిగతా వేల బొమ్మల కోసం మా కుర్రాడొకడు మ్యాక్రో, అంటే ఈ పని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాము, రాశాడు. మాట చివర ‘లు’ ఉంటే కోసెయ్యడమే. ఇంగ్లిషులో ఎస్ తీసేస్తే సరిపోతుంది కదా సార్, ఇదీ అంతే అన్నాడు.

సోమవారం పొద్దున వచ్చి చూస్తే ఒంగోలు గిత్తలు ‘ఒంగో గిత్త’. కొండారెడ్డి బురుజు ‘కర్నూ’లో ఉంది. పాలు ‘పా’, కాలు ‘కా’. హారతి ఇస్తున్న పంతులు గారు ‘పంతు’. ఒక్క మనిషే అయినా ఆయన చివర మీరుంటారని, ఇద్దరైతే పంతుళ్లని మళ్లీ వస్తారని మ్యాక్రోకేం తెలుసు? వరంగల్లు ఒక్కటే ‘వరంగల్’ అయి క్షేమంగా బయటపడింది. ‘ఇళ్లు’ తెగి ‘ఇళ్’ అయింది, తెలంగాణ ‘ఇండ్లు’ తెగి ‘ఇండ్’ అయింది, ళకి ళ వత్తిచ్చి ‘ఇళ్ళు’ అని రాసినవి మాత్రం చెక్కుచెదరలేదు. అన్నీ ఒకే వీధి పెంకుటిళ్లు!

పెద్దవాళ్లేం చేస్తారో చూద్దామని వెళ్లాను. ఇంగ్లిషు వికీపీడియాలో వ్యాసం పేరు మామూలుగా ఏకవచనం. అదే కుటుంబంలోని బొమ్మల గోదాం కామన్స్‌లో, వస్తువుల వర్గాలకి బహువచనం. ఒకే ఇంట్లో రెండు వంటలు. లైబ్రరీల వాళ్ల సూత్రం నచ్చింది: ‘ఎన్ని’ అని అడగగలిగితే బహువచనం, ‘ఎంత’ అని అడగాల్సి వస్తే ఏకవచనం. సంబరంగా ఇంటికెళ్లి వంటింట్లో పరీక్ష పెట్టాను. “సాంబారులో ఎన్ని నీళ్లు పోశావే?” అన్నాను. నీళ్లని లెక్కపెట్టినవాడెవడండీ? “ముందు బియ్యం అయిపోయాయి, తెండి” అంది మా ఆవిడ. బియ్యంలో మీరెక్కడా కనపడరు, క్రియలో మాత్రం ‘అయిపోయాయి’. అదే బియ్యం ఉడికి అన్నమయ్యాక ‘అయిపోయింది’. సూత్రం పొయ్యి దగ్గరే మాడిపోయింది.

కాబట్టి అయ్యా, మా విన్నపం చిన్నది. మిమ్మల్ని రావద్దనం. వచ్చేటప్పుడు ముందున్న అక్షరాన్ని కొరక్కుండా రండి. చెట్టు దగ్గరికి వస్తే చెట్లు, కన్ను దగ్గరికి వస్తే కళ్లు, చేయి దగ్గరికి వస్తే ఏకంగా చేతులు! వెతికే యంత్రానికి ఇవన్నీ ఒకే ఇంటి మాటలని ఎలా తెలుస్తుంది? అంతవరకు ప్రతి బొమ్మకీ రెండు ట్యాగులూ రాస్తున్నాను, ‘చెట్టు’ ఒకటి, ‘చెట్లు’ ఒకటి. జీతం మాత్రం ఏకవచనంలోనే వస్తోంది.

ఇట్,
(మన్నించాలి, మ్యాక్రో ఇంకా ఆపలేదు)
మీ విధేయుడు, ట్యాగుల గుమస్తా