చివరి నిమిషంలో వచ్చే వెన్నముద్ద గారికి

గౌరవనీయులైన వెన్నముద్ద గారికి,

నమస్కారం. మీరు క్షేమమని తెలుసు. నిన్న మధ్యాహ్నం నా సూప్ గిన్నెలో తాపీగా కరుగుతూ, తళతళలాడుతూ దర్శనమిచ్చారు. అంత నిండుగా ఉన్నవారిని కుశలం అడగడం మర్యాద కోసమే.

అసలు తమరిని అక్కడికి ఎవరు పిలిచారో కనుక్కుందామని ఈ ఉత్తరం. నేనైతే పిలవలేదు. నేను అడగవలసినవన్నీ అడిగాను. పాలు పోస్తారా? లేదు మేడమ్. మీగడ? లేదు. చీజ్? లేదు. గుడ్డు? సూప్‌లో గుడ్డెందుకు మేడమ్ అని వెయిటర్ నవ్వాడు కూడా. మెనూలో ఆ సూప్ పేరు పక్కన చిన్న ఆకు బొమ్మ, దాని పక్కన 'వీగన్' అన్న మాట, అంటే పాలు, గుడ్డుతో సహా జంతువుల నుంచి వచ్చినదేదీ లేదని. కింద టమాటా, ఉల్లి, వెల్లుల్లి, మిరియాలు అని వివరం. నాతో వచ్చినవాళ్లు భోజనం ముగించి చేతులు కడుక్కునే వేళకు నా గిన్నె వచ్చింది. నా కోసం ప్రత్యేకంగా చేయించారట. ఆ ప్రత్యేకత గిన్నె నడిమధ్యలో పచ్చగా తేలుతోంది.

"ఇదేమిటి?"

"వెన్న మేడమ్. దించాక కొంచెం వేస్తారు."

"పాలు లేవన్నారు కదా?"

"పాలు లేవు మేడమ్. ఇది వెన్నే."

దీనికి ఏమని బదులు చెప్పాలి? పాపం అతను నా ముఖం చూసి, "పైనుంచి తీసేస్తాను" అంటూ చెంచా కూడా అందుకున్నాడు. ఎక్కడినుంచి తీస్తాడు? తమరు కరగడానికి 32 నుంచి 35 డిగ్రీల వేడి చాలు. నాలుక మీద పెట్టుకుంటేనే నిలవరు. అలాంటిది పొగలు కక్కుతున్న సూప్‌లోంచి చెంచాతో ఏరి బయట పెడతాడట!

ఇందులో అతను అబద్ధమాడలేదు. లోపలున్న వంటమాస్టరూ ఆడలేదు. అబద్ధమైతే నిలదీయవచ్చు, గట్టిగా నాలుగు మాటలనవచ్చు. ఇక్కడ అందరూ నిజాయితీపరులే, నా గిన్నెలో మాత్రం వెన్న ఉంది. తమరి ప్రజ్ఞ అంతా అక్కడే ఉంది. వంట జరుగుతున్నంత సేపూ తమరు ఎక్కడా కనబడరు. ఉల్లి వేగుతున్నప్పుడు లేరు, టమాటా మగ్గుతున్నప్పుడు లేరు. అంతా అయ్యాక, గిన్నె బయటికి వెళ్లబోయే క్షణంలో ఒక చెయ్యి దానంతటదే డబ్బా వైపు వెళుతుంది. సాస్ దించే ముందు చల్లటి వెన్న ముక్కలు వేసి గిలకొట్టడం ఫ్రెంచి వంటలో ఒక పాఠం. సాస్ చిక్కబడుతుంది, మెరుపు వస్తుంది. మంచిదే. కానీ ఆ పాఠం నేర్చిన చెయ్యి, నేర్వని చెయ్యి అన్నీ ఇప్పుడు అదే పని చేస్తున్నాయి. ఏమేం వేశారని వంటవాణ్ణి అడిగితే చిటికెడు మిరియాలను కూడా లెక్క చెబుతాడు. తమరి పేరు రాదు. తమరు సరుకు కాదు, ఆశీర్వాదం. ఆశీర్వాదాన్ని మెనూలో ఎవరు రాస్తారు?

వెన్నను దొంగిలించినవాడి కథలు వింటూ పెరిగాను. వెన్నే దొంగగా మారి కిటికీ దూకి రావడం మాత్రం తమరి వల్లనే చూశాను.

పక్క బల్ల మీది పెద్దాయన అడక్కుండానే తీర్పు చెప్పారు: "వెన్న శాకాహారమే కదమ్మా." ఆయనకు తెలియదు గానీ, ఈ తగాదా పాతదే. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వీగన్ సొసైటీ పెట్టినప్పుడు వాళ్లందరూ అప్పటికే శాకాహారులు. మాంసం గురించి పేచీయే లేదు. పేచీ అంతా పాలతో, తమరితో, గుడ్డుతో. శాకాహారుల సంఘంలోనే ఒక మూల చోటిమ్మంటే కుదరక వేరే కుంపటి పెట్టుకున్నారు. అంటే తమరిని వద్దనుకోవడానికే పుట్టిన మాట ఈ 'వీగన్'. దాన్ని మెనూలో అచ్చువేసి, దాని నెత్తినే తమరిని కూర్చోబెట్టడం మామూలు ధైర్యం కాదు.

మిగతావాళ్లను నేను క్షమించేశాను. కాఫీలో వేసుకునే 'నాన్ డెయిరీ' పొడిలో పాల నుంచి తీసిన కేసినేట్ ఉంటే నవ్వుకుని పక్కన పెట్టాను. రొట్టె పైన ఆ నిగనిగ గుడ్డు పూత అని తెలిసినప్పుడు కూడా ఊరుకున్నాను. ఓట్స్ పాలకు అదనంగా వసూలు చేస్తూ, సలాడ్‌లోంచి చీజ్ తీసేసినందుకు ఒక్క పైసా తగ్గించని లెక్కల నిపుణులకు నా జోహార్లు. వీగన్ భోజనం అడిగితే ఉప్పు లేని ఉడికించిన క్యారెట్లు పెట్టి, 'ఆరోగ్యానికి మంచిది' అని ఓదార్చేవారు ఉన్నారు. వాళ్లకు క్యారెట్ మీద ఏం పగో నాకు తెలియదు. మాంసకృత్తులు ఎక్కడినుంచి వస్తాయని నన్ను అడిగేవారికైతే జవాబివ్వడం మానేశాను. ఎదురుగా శనగలు తింటుంటేనే అడుగుతారు.

వాళ్లంతా ముఖం చూపించి వస్తారు. లేబుల్ తిప్పి చదివితే దొరుకుతారు, అడిగితే బయటపడతారు. తమరు మాత్రం అడగడం అయిపోయాక వస్తారు.

పైగా వకాల్తా పుచ్చుకునేవాళ్లకు కొదవ లేదు. 'అది ఉత్త కొవ్వే కదా, పాలెక్కడున్నాయి' అంటారు. నీ సంగతి నాకు తెలియదా? నూటికి 80 పాళ్లు పాలకొవ్వు, 16 పాళ్ల వరకు నీరు, మిగిలిన ఆ కాస్తా పాలలోని ప్రొటీన్లు, చక్కెర. పెనం మీద నువ్వు గోధుమరంగుకు తిరిగి ఘుమఘుమలాడేది ఆ కాస్త వల్లనే. ఇందులో పాలు కానిది ఏముంది, ఆ నీరా? అదీ పాలదే. 'కొంచెమే కదా' అంటారు ఇంకొందరు. కొంచెమే అయితే మానేయవచ్చు కదా! కొంచెం కోసం ఇంత పట్టుదల ఏమిటి? నా వరకు నాకు ఇది ఒక నియమం. దాన్ని చెంచాలతో కొలిచే పని వాళ్లకు ఎవరు అప్పగించారు?

ఇంకో వింత చెప్పనా? నీ వాసనలో ముఖ్యమైనది డయాసిటైల్ అనే పదార్థం. దాన్ని పాలతో పని లేకుండానే తయారు చేస్తారు. అందుకే 'వెన్న రుచి' అని పెద్ద అక్షరాలు వేసుకున్న కొన్ని పొట్లాల్లో నువ్వు బొత్తిగా ఉండవు. ఉన్నానన్నచోట ఉండవు, లేనన్నచోట ప్రత్యక్షమవుతావు. దేవుళ్లకు చెల్లుతుంది గానీ, నీకెందుకు ఈ లీలలు?

నీ మెరుపు లేకపోతే తిండికి కళ ఉండదని నువ్వు నమ్మించావు చూడు, నా ఒళ్లు మండేది దానికే. ఒకసారి మా వంటింటికి రా. వేడినీళ్లలో నానబెట్టిన జీడిపప్పు మెత్తగా రుబ్బి దించే ముందు సూప్‌లో కలిపితే, ఆ చిక్కదనం ముందు నువ్వు నిలవలేవు. పాస్తా ఉడికించిన నీళ్లు గరిటెడు తీసి ఉంచి, ఆలివ్ నూనెతో కలిపి పాస్తాను గబగబా తిప్పితే, ఆ పిండి నీరు నూనెను పట్టుకుని మెరుస్తుంది. సాస్‌లో నువ్వు చేసే పని అదే, ఇక్కడ గంజి చేస్తుంది. పుట్టగొడుగులను కిక్కిరిసిపోకుండా పరిచి, నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడేదాకా కదపకుండా వేయించి, కాస్త సోయా సాస్ చిలకరించు. ఆ తరువాత నీ పేరు ఎవరు తలుచుకుంటారో చూద్దాం. గుడ్డుకు కూడా ఈ ముచ్చట చేరవేయి: 2014లో ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ అనే గాయకుడు పప్పుధాన్యాలు ఉడికించిన నీళ్లను గిలకొడితే తెల్లసొనలా నురగ కడతాయని కనిపెట్టాడు. శనగల నీళ్లు పారబోయడం అప్పటినుంచీ పాపమే. వాటిలో నూనె సన్నటి ధారగా పోస్తూ గిలకొడితే మయోనైజ్ వస్తుంది. ఇంత వైభవం మా ఇంట్లో జరుగుతుంటే, బయట మాత్రం క్యారెట్లు!

బయట కుదరదని కూడా అనలేవు. ఒకచోట వంటమనిషి స్వయంగా బయటికి వచ్చి అడిగింది: "నూనెతో కాలుస్తాను. చివర్లో నువ్వుల ముద్ద, నిమ్మరసం వేస్తాను. మీకు సమ్మతమేనా?" చివర్లో ఏం వేస్తుందో తనంతట తానే చెప్పింది! అంచులు మాడేదాకా కాల్చిన కాలీఫ్లవర్, కింద చల్లటి నువ్వుల సాస్, పైన వేయించిన గింజలు. నా పళ్లెంలోంచి మిగతావాళ్లు తీసుకుని తింటుంటే అడ్డుపడవలసి వచ్చింది. అడిగే నోరు, వినే చెవి ఉంటే చాలని ఆవిడ చూపించింది. మిగతా వంటగదుల్లో వినబడక కాదు, నీ డబ్బా స్టవ్వు పక్కనే చేతికందేలా ఉండడమే రోగం.

నీ వాసన బాగుంటుంది, కాదనను. వీధి మలుపులో బేకరీ దాటేటప్పుడు నా నడక ఇప్పటికీ కాస్త నెమ్మదిస్తుంది. అది నీకూ నాకూ మధ్య పాత పరిచయం. దాన్ని అడ్డం పెట్టుకుని నా గిన్నెలోకి దిగకు. ప్రపంచంలోని కేకులన్నీ నీవే, బిస్కెట్లన్నీ నీవే, కోరి తినేవాళ్లు కోట్లమంది ఉన్నారు. వద్దన్న ఒక్కదాని సూప్‌లో పడి ఏం సాధించావు? నిన్న ఆ గిన్నె అలాగే లోపలికి వెళ్లిపోయింది. డబ్బు నేను కట్టాను. ఆకలితో ఇంటికి వచ్చాను. నీకు సిగ్గు లేదా?

ఇట్లు,
బిల్లు కట్టి తినకుండా లేచిన కస్టమర్

తా.క.: ఈ ఉత్తరం నకలు మీ బంధువు పాలపొడి గారికి కూడా పంపుతున్నాను. చిరునామా తెలియదు గానీ, ఏ చిప్స్ ప్యాకెట్‌లో వేసినా చేరుతుందని నమ్మకం.