ఉడుపిలో పుట్టి సీమలో పాతుకున్న బ్యాంకు

కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పెద్దవాళ్లు కెనరా బ్యాంకుకు బయల్దేరుతూ ఇప్పటికీ ‘సిండికేట్‌కు పోయొస్తా’ అంటుంటారు. 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసిపోయింది. మరుసటి ఏడాది జులై నుంచి పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు కూడా చెల్లకుండా పోయాయి. అయినా ఆ పేరు నోట్లోంచి పోలేదు. దానికి కారణం ఉంది.

చేనేత దెబ్బతిని అల్లాడుతున్న నేతపనివాళ్లకు ఆసరాగా 1925లో ఉడుపిలో ఉపేంద్ర అనంత్ పాయ్, వామన్ కుడ్వా, డాక్టర్ టి.ఎం.ఎ. పాయ్ కలిసి పెట్టిన బ్యాంకు ఇది. మూలధనం 8 వేల రూపాయలు. 1928లో పిగ్మీ డిపాజిట్ తెచ్చారు. ఏజెంటే రోజూ ఇంటికో అంగడికో వచ్చి, రెండణాలిచ్చినా కట్టించుకుని పోయేవాడు. ఎమ్మిగనూరు, ధర్మవరం లాంటి మగ్గాల ఊళ్లకు ఇంతకన్నా నప్పే పద్ధతి ఏముంటుంది? ఏ రోజు కూలి ఆ రోజే ఖర్చయ్యే ఇంట్లో నెలాఖరుకు వెయ్యి మిగలదు. రోజూ పదో ఇరవయ్యో తీసి పెట్టడం మాత్రం కుదురుతుంది. పైగా ఎవరి వ్యాపారం ఎట్లుందో, ఎవరింట్లో జబ్బుందో పిగ్మీ ఏజెంటుకు తెలుసు. ఏ సిబిల్ స్కోరూ అంత చెప్పలేదు. అలాంటి ఏజెంట్లు తమకొచ్చే కమీషన్ కూడా వేతనమేనని, తామూ కార్మికులమేనని అనిపించుకోవడానికి 2001లో సుప్రీంకోర్టు తీర్పు దాకా పోరాడాల్సి రావడం నాకు ఎప్పటికీ బాధగానే ఉంటుంది.

1969 జులై 19న జాతీయమైన 14 బ్యాంకుల్లో సిండికేట్ ఒకటి. ఆ తర్వాత అది చేసిన పనుల్లో నేను అన్నిటికన్నా పెద్దదిగా చూసేది 1976లో కడప కేంద్రంగా రాయలసీమ గ్రామీణ బ్యాంకును నిలబెట్టడం. అనంతపురంలో శ్రీ అనంత గ్రామీణ బ్యాంకుకూ సిండికేటే స్పాన్సర్. 2006లో ఈ రెండూ, నెల్లూరులోని పినాకిని గ్రామీణ బ్యాంకూ కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అప్పుడూ హెడ్డాఫీసు కడపలోనే ఉంది. 2025 మే 1న అదీ మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసిపోయి, రాష్ట్రమంతటికీ ఒకే గ్రామీణ బ్యాంకు వచ్చింది. దాని కేంద్రం అమరావతి, స్పాన్సర్ యూనియన్ బ్యాంకు.

విలీనంతో బ్యాంకు బలపడుతుందన్న వాదనను నేను కాదనను. నా టెన్షన్ దూరం గురించి. అనంతపురంలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన. ఆగస్టులో నెల రోజులు మొగులు మొహం చాటేస్తే బుడ్డల (వేరుశనగ) పంట చేతికి రాదు. అప్పుడు పంట రుణం గడువు పెంచి రీషెడ్యూల్ చేయాలా, కొత్త అప్పు ఇవ్వాలా అన్నది ఆ చేనును చూసిన అధికారి తేల్చాలి. అందుకే కడపలో పెద్ద రుణాలకూ, రీషెడ్యూల్‌కూ పూర్తి అధికారమున్న ఆఫీసు ఉండి తీరాలి. సీమ ఎమ్మెల్యేలు, ఎంపీలు ఈ సంగతి గట్టిగా అడగాలి. అదీ జూన్‌లో విత్తనం పడకముందే.